ఈ చేత్తో ఏం చేయాలనుకుంటున్నారు?

బాపును హైదరాబాదులో చేతి ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కవరులోంచి ఎక్స్‌రేలు తీయక ముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ చేత్తో మీరేం చేయాలనుకుంటున్నారు?"

బాపు నావైపు చూశాడు, తర్వాత తమ్ముడి వైపు. ఎక్కడ నొస్తుంది, ఎప్పట్నుంచి నొస్తుంది, షుగరుందా అని అడుగుతారనుకుని దారిపొడుగునా జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఈ ప్రశ్నకు మాత్రం ఆయన దగ్గర ఏమీ లేదు. కాసేపాగి, "పని చేసుకోవాలె సారూ" అన్నాడు.

"రిటైరయ్యారు కదా. ఇంకేం పని?"

"ఏదో ఒకటుంటది. చేతులు ఊకె ఎట్లుంటయి?"

డాక్టరు నవ్వలేదు. ఆ మాటను కాగితం మీద రాసుకున్నాడు. ఏ ఆపరేషన్ చేయాలి, అసలు చేయాలా వద్దా అన్నది ఆ జవాబు మీదే ఆధారపడుతుందని మాకు తర్వాత అర్థమైంది. ఇది జరిగి మూడేళ్లు దాటింది. బాపు చెయ్యి ఒక దారికి వచ్చింది గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

*

మా గోదావరిఖనిలో గనిని గని అనరు, బాయి అంటారు. బాపు 1981లో బాయి పనిలో చేరాడు. మొదట ఫిల్లరు. చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపడం. ఎన్ని టబ్బులు నింపితే అంత లెక్క. తర్వాత ఎస్‌డీఎల్ మిషన్లు వచ్చి ఫిల్లర్ల పని తగ్గాక సపోర్ట్ పనికి మారాడు. పైకప్పుకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి బోల్టులు బిగించడం, దిమ్మెలు నిలబెట్టడం. 2019లో దిగిపోయాడు. అప్పటికే కుడి బొటనవేలి మొదట్లో ఎముక మెట్టులాగా పైకి లేచింది. చూపుడు వేలు, నడిమి వేలు మెటికలు ఉబ్బి గట్టిపడ్డాయి. గుండీలు అవ్వ పెట్టాలి. తాళంచెవి తిప్పలేడు. పెళ్లిళ్లకు పోవడం కూడా మానేశాడు. ఎందుకు మానేశాడో అప్పుడు మాకెవరికీ తెలీదు.

బొటనవేలి మొదట్లో, మణికట్టును ఆనుకుని ట్రపీజియం అనే చిన్న ఎముక ఉంటుంది. దాని మీద బొటనవేలి ఎముక గుర్రం మీద జీను వేసినట్టు కూర్చుంటుంది. అందుకే ఆ వేలు ముందుకు, వెనక్కు, పక్కకు తిరిగి మిగతా నాలుగు వేళ్లనూ ఎదురుగా తాకగలదు. ఈ సౌకర్యానికి ఖరీదు ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన కూనీ, చావ్ అనే ఇద్దరు 1977లో లెక్కగట్టారు. వేలి కొసల మధ్య ఒక కిలో బలంతో దేన్నైనా పట్టుకుంటే, బొటనవేలి మొదట్లో ఆ కీలు మీద పన్నెండు కిలోల ఒత్తిడి పడుతుంది. గట్టిగా పిడికిలి బిగిస్తే అది 120 కిలోల దాకా పోతుంది. చెమ్మస్ కర్రను, డ్రిల్లును పట్టుకోవడమంటే షిఫ్టుకు ఎన్నిసార్లు అలా బిగించడమో లెక్కపెట్టిన వాళ్లు లేరు.

సిలికాన్ రబ్బరు కీలు గురించి తమ్ముడు ఫోనులో చూసి పెట్టుకున్నాడు. "మోకాలు మార్చినట్టే ఇది కూడా మారుస్తరట" అని బాపుకు చెప్పి తీసుకొచ్చాడు. డాక్టరు బల్ల సొరుగులోంచి నమూనా ఒకటి తీసి బాపు అరచేతిలో పెట్టాడు. మధ్యలో మడత, రెండు వైపులా సన్నటి కాడలు ఉన్న తెల్లటి రబ్బరు ముక్క. కాడలు రెండూ అటూ ఇటూ ఎముకల లోపలి గొట్టాల్లోకి పోతాయి. జిగురుతో అతికించరు. శరీరమే కొన్ని వారాల్లో దాని చుట్టూ గట్టి పొర అల్లుకుంటుంది. కీలును నిలబెట్టేది చాలావరకు ఆ పొరే, రబ్బరు దానికి ఒక అచ్చు.

ఇది అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో ఆల్‌ఫ్రెడ్ స్వాన్సన్ అనే సర్జన్ 1960లలో తయారుచేసింది. రుమటాయిడ్ కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయి, గిన్నె పట్టుకోలేని, జుట్టు దువ్వుకోలేని మనుషుల కోసం. ఆ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకే. ఏళ్లు గడిచాక ఎక్స్‌రే తీసి చూస్తే చాలామందిలో ఆ రబ్బరు విరిగిపోయి ఉంటుంది. అయినా చుట్టూ పొర ఉంటుంది కాబట్టి చెయ్యి తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

స్వాన్సన్ బొటనవేలి మొదట్లో పెట్టడానికి ట్రపీజియం ఆకారంలో కూడా సిలికాన్ ముక్క చేశాడు. అక్కడ కథ వేరేగా నడిచింది. ఆ చోట పడే బరువుకు రబ్బరు పక్కకు జరిగింది, అరిగింది. అరిగి రాలిన నలుసులు చుట్టూ వాపు పుట్టించి పక్క ఎముకల్ని తొలిచాయి. అందువల్ల చాలామంది సర్జన్లు దాన్ని వదిలేసి పాత పద్ధతికే వెళ్లారు. 1949లో ఇంగ్లండులో జెర్విస్ అనే సర్జన్ రాసిన పద్ధతి అది. ఆ ఎముకను తీసేసి, దాని చోటును అలాగే వదిలేయడం. ఖాళీలో మచ్చకండ పేరుకుని మెత్తటి దిండులా అవుతుంది. ఇప్పటికీ ఏదో ఒక మార్పుతో చేసేది ఎక్కువగా ఇదే. చేత్తో బరువు పని తప్పనివాళ్లకు ఇంకో దారి ఉంది. కీలునే లేకుండా చేసి, రెండు ఎముకల్నీ ఒకటిగా బిగించేయడం. నొప్పి పోతుంది, బలం ఉంటుంది, వేలు మాత్రం అటూ ఇటూ అంతగా తిరగదు.

డాక్టరు ఇదంతా ఓపిగ్గా చెప్పి, చివరికి అన్నాడు: "బొటనవేలికి ఎముక తీసేద్దాం. మెటికలకు సిలికాన్ పెట్టొచ్చు. కానీ ఇక గడ్డపార, గొడ్డలి ముట్టనని మీరు నాకు మాటివ్వాలి. బరువు పని చేసే చేతికి ఇది ఆగదు."

బాపు ఆ రబ్బరు ముక్కను రెండుసార్లు మడిచి చూసి వెనక్కి ఇచ్చాడు. "అట్ల మాటియ్యలేను సారూ. పని చేసినోని చేతికి ఇది లేదన్నట్టు."

*

ఆ మాట నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనీయలేదు. పని చేసి అరిగిన చేతికి కొత్త కీలు పెట్టరు, ఎందుకంటే ఆ చెయ్యి మళ్లీ పని చేసి దాన్నీ అరగదీస్తుంది. ఇది అన్యాయంగానే వినిపిస్తుంది. మొదట్లో నాకు కోపమే వచ్చింది. రొంపిలో దిగని చేతుల కోసమే సైన్సంతా అని ఎవరితోనో వాదించాను కూడా.

తర్వాత ఆలోచిస్తే ఆ కోపం తప్పు చోట పడిందనిపించింది. రబ్బరుకు ఎవరి కులమూ, ఎవరి జీతమూ తెలీదు. ఎంత బరువుకు తెగుతుందో అంతకే తెగుతుంది. ఆ సంగతి దాచిపెట్టి బాపుకు సిలికాన్ పెట్టేసి ఉంటే అదీ అన్యాయం. పైగా అది సుఖంగా ఉన్నవాళ్ల కోసం చేసిందీ కాదు. వంటింట్లో గిన్నె దించలేక ఏడ్చిన ఆడవాళ్ల కోసం చేసింది. వాళ్ల చేతిపనికి కూలీ ఎవరూ కట్టలేదు కాబట్టి అది పని కాదని నేనెలా అంటాను?

ఒక సంగతి మాత్రం నన్ను ఆపింది. సిలికాన్‌కు ముడిసరుకు క్వార్ట్జ్ రాయి. దానిలోంచి సిలికాన్‌ను విడగొట్టాలంటే కొలిమిలో బొగ్గు లాంటి కర్బనం కలిపి కాల్చాలి. రాయీ బొగ్గూ రెండూ నేల నుంచి ఎవరో ఒకరు తవ్వి తీసేవే. అదే రాయి డ్రిల్లు కింద పొడిగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్. ఒకే పదార్థం ఒకచోట మందు, ఒకచోట జబ్బు. ఇందులో తప్పు రాయిది కాదు. అది ఎవరి దగ్గరికి ఏ రూపంలో చేరుతుందన్నది మనం నిర్ణయించుకున్న సంగతి.

*

మరి అన్యాయం ఎక్కడుంది? చేతికి మనం కట్టే విలువలో ఉందేమో చూద్దాం.

1923లో పనివారి నష్టపరిహార చట్టం వచ్చింది. 2009 సవరణతో అది ఉద్యోగుల చట్టమైంది. దాని మొదటి షెడ్యూలులో మనిషి ఒంటికి ఒక ధరల పట్టిక ఉండేది. ప్రమాదంలో ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయినట్టో అందులో రాసి ఉండేది. ఒక చెయ్యి పోతే 60. బొటనవేలు పోతే 30. చూపుడు వేలు మొత్తం పోతే 14, నడిమి వేలు 12. ఉంగరం వేలుకైనా చిటికెన వేలుకైనా 7. చేతికి 60, బొటనవేలికి 30 అంటే చేతిలో సగం ఆ ఒక్క వేలే అన్నమాట. శరీరశాస్త్రం తెలిసినవాళ్లూ ఇంచుమించు అదే చెప్తారు. పట్టిక రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు.

పట్టికను పట్టికలాగే చదివితే ఏమవుతుందో 1975లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసులో తేలింది. ఒక వడ్రంగి పని చేస్తూ కింద పడ్డాడు. ఎడమ చేతిని మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది నూరు శాతం నష్టం కాదు. కానీ ఒంటిచేత్తో వడ్రంగం ఎవడు చేస్తాడు? అతనికి నూరు శాతం నష్టం జరిగినట్టే అన్నది కోర్టు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసుగా లాయర్లకు అది బాగా తెలుసు. నాకు అందులో వినిపించేది మా డాక్టరు ప్రశ్నే: ఈ మనిషి ఈ చేత్తో ఏం చేస్తాడు? వేళ్ల లెక్క పక్కన పెట్టి, చేతి వెనకున్న మనిషిని చూశారు.

అయినా రెండు సంగతులు మిగిలిపోతాయి. ఒకటి, పట్టికకు తెగిన వేలు తెలుసు, అరిగిన వేలు తెలీదు. మనకు బొటనవేలు అనగానే ఏకలవ్యుడు గుర్తొస్తాడు. ఆ కథలో అడిగినవాడు కనిపిస్తాడు, కోసి ఇచ్చినవాడు కనిపిస్తాడు, ఒక్క క్షణంలో జరిగిపోతుంది. అందుకే ఇన్ని వందల ఏళ్లుగా ద్రోణుడిని నిలదీస్తున్నాం. ముప్పై ఎనిమిదేళ్లలో షిఫ్టుకింత చొప్పున పోయిన వేలికి అడిగినవాడెవడు? డాక్టరు కూడా నిజాయితీగా అదే చెప్పాడు. పని వల్ల ఎంత, వయసు వల్ల ఎంత, పుట్టుకతో వచ్చిందెంత అని విడగొట్టి చెప్పలేం అని. నెమ్మదిగా జరిగే నష్టాన్ని లోకం గుర్తించడానికి చాలా కాలం పడుతుంది. డ్రిల్లుల అదురుకు రాళ్ల క్వారీ పనివాళ్ల వేళ్లు తెల్లబడిపోవడాన్ని ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరు 1918లోనే అమెరికాలో చూసి రాసింది. అదే అదురుకు వేళ్లు పాడైన బ్రిటన్ బొగ్గుగని కార్మికులు కోర్టుల్లో గెలిచి పెద్ద ఎత్తున పరిహారం అందుకునే సరికి 1990ల చివరికొచ్చింది.

రెండో సంగతి ఇంకా లోతైనది. పట్టిక గానీ, దాన్ని సరిదిద్దిన కోర్టు గానీ, చేతిని కొలిచింది సంపాదనతోనే. న్యాయం చేయాలన్నా ఆ కొలతే చేతిలో ఉంది. మనిషికి చేతులున్నాయి కాబట్టే తెలివైనవాడయ్యాడని గ్రీకు తాత్త్వికుడు అనక్సాగొరస్ అన్నాడట. కాదు, తెలివైనవాడు కాబట్టే ప్రకృతి చేతులిచ్చిందని అరిస్టాటిల్ వాదించాడు. పనిముట్లన్నిటికీ పనిముట్టు చెయ్యి అని కూడా ఆయనే అన్నాడు. వాళ్లిద్దరికీ గొడవ ఏది ముందన్న దాని మీదే. చెయ్యి పనిముట్టు అన్నదాంట్లో గొడవ లేదు. బాపుకూ లేదు. "చేతులు ఊకె ఎట్లుంటయి?" అన్నప్పుడు ఆయన అరిస్టాటిల్ పక్షమే.

*

బొగ్గుబాయిల ఊళ్లలో ఇంకో మాట ఉంది. అన్‌ఫిట్. వేరేచోట ఆ మాట వింటే మనిషి కుంగిపోతాడు. మా దగ్గర దానికోసం ఎదురుచూస్తారు. 2017లో సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు కొట్టేసింది. తర్వాత, జబ్బు వల్ల పనికి అనర్హులని మెడికల్ బోర్డు తేల్చినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకాల కింద ఉద్యోగాలిచ్చే పద్ధతి మొదలైంది. అది ఎన్నో ఇళ్లను నిలబెట్టింది, కాదనను. కానీ అందులో ఉన్న చిక్కు చూడండి. తండ్రి ఒళ్లు ఎంత పాడైతే కొడుక్కి అంత ఆశ. బాగుపడితే ఆశ పోతుంది.

బాపు సర్వీసు చివర్లో తోటివాళ్లు అననే అన్నారు. "ఆ చెయ్యి చూపెట్టి బోర్డుకు పోరాదే, పోరనికి నౌకరొస్తది." చేతి నొప్పికి బోర్డు ఒప్పుకునేదో లేదో ఎవరికీ తెలీదు. బాపు పోనే పోలేదు. "నొస్తదన్నది నిజమే. గని చేస్తున్న గదా. చేస్తనే చేయలేనని ఎట్ల చెప్పాలె?" అన్నాడు. తమ్ముడు డిగ్రీ చదివి హైదరాబాదులో క్యాబ్ నడుపుతున్నాడు. మమ్మల్ని ఆస్పత్రికి తీసుకొచ్చింది ఆ కారులోనే.

నేను బాపు నిజాయితీని మెచ్చుకునేదాన్ని. ఆ మెచ్చుకోలు నాకు సులువు, నాకు ఉద్యోగం ఉంది. తమ్ముడు ఒకసారి నాతో అన్నాడు: "ఆ చెయ్యి ముప్పై ఏండ్లు ఇంటికోసమే కదక్కా అరిగింది. చివరికి ఇంటికోసం ఒక అబద్ధం చెప్తే ఏం పోయేది?" నా దగ్గర గట్టి జవాబు లేదు. అబద్ధం తప్పే. కానీ అబద్ధం చెప్పడమో, కొడుకు దారి మూసేయడమో రెండే దారులు మిగిల్చిన ఏర్పాటు, ఆ మనిషి మంచితనం మీద మోయలేని బరువు పెట్టింది. రబ్బరు కీలు లాగే మంచితనానికీ ఒక హద్దు ఉంటుంది. బాపుది విరగలేదు. విరిగినవాళ్లను నేను తప్పుపట్టను.

1940ల చివర వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠువ్యాధి వల్ల కొంకర్లు పోయిన చేతులకు ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టాడు. చేతులు బాగయ్యాక కొందరు వెనక్కొచ్చి, ఇవి అడుక్కోవడానికి పనికిరావడం లేదని మొరపెట్టుకున్నారని ఆయనే చెప్పుకున్నాడు. వంకర వేళ్లను చూసి జాలిపడే జనం తిన్నటి వేళ్లకు పైసలు వేయరు, జబ్బు పేరు విని పనీ ఇవ్వరు. అప్పుడాయన ఆపరేషన్‌తో ఆగకుండా వాళ్లకు వడ్రంగం లాంటి పనులు నేర్పే చోటు కూడా కట్టించాడు. చేతిని బాగుచేయడం సగమే. ఆ చెయ్యి రేపటి నుంచి ఏం చేస్తుందన్నది మిగతా సగం. దాని జవాబు ఆపరేషన్ థియేటర్‌లో దొరకదు.

*

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు సిద్ధిపేట దాటాక కారులో బాపు ఉన్నట్టుండి అన్నాడు: "అన్నం కలుపుకోవాలె."

మేం ఆకలేస్తుందేమో అనుకున్నాం. కాదు. డాక్టరు అడిగినదానికి జవాబు అది. మూడు గంటలు పట్టింది. చేత్తో ముద్ద కలుపుకుని తినాలి. బొటనవేలు లేకుండా ముద్ద నోట్లోకి జారదు, కావాలంటే ప్రయత్నించి చూడండి. రెండేళ్లుగా ఇంట్లో చెంచాతో తింటున్నాడు. పంక్తిలో అందరి ముందు చెంచా అడగలేకే పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. పని తప్ప చేతికి ఇంకో కోరిక ఉండొచ్చని, దాన్ని డాక్టరుకు చెప్పుకోవచ్చని ఆయనకు తోచలేదు. తోచేలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

నేను మళ్లీ ఫోన్ చేసి డాక్టరుకు చెప్పాను. "అదే ముందు చెప్పుంటే సరిపోయేది కదా, దానికి బొటనవేలొక్కటి చాలు" అన్నాడాయన. ట్రపీజియం తీసేశారు. నెలన్నర కట్టు, తర్వాత నెలల తరబడి వ్యాయామాలు. మెటికలు అలాగే ఉన్నాయి. సిలికాన్ పెట్టించుకోలేదు. ఇచ్చిన మాట తప్పాల్సి వస్తుందేమో అన్న భయం ఆయనకు నొప్పి కంటే పెద్దది. ఆరు నెలలకు పప్పన్నం కలుపుకుని తిన్నాడు. ఇంకో నెలకు పెరట్లో చిన్న గొడ్డలి పట్టుకుంటే అవ్వ గుంజుకుంది.

నేను చివరికి చేరిన చోటు ఇది. అన్యాయం సిలికాన్‌లో లేదు, పట్టికలోని అంకెల్లోనూ లేదు. ఈ చేత్తో నీకేం కావాలని ఒక మనిషిని అడగడానికి అది అరిగిపోయేదాకా ఆగడంలో ఉంది. ఇరవై రెండేళ్లకు బాయి దిగే రోజు ఫిట్‌గా ఉన్నాడా లేడా అనే చూస్తారు. అరవై రెండేళ్లకు ఎముక తీసే ముందు ఎవరో ఒక డాక్టరు, ఆపరేషన్‌కు అవసరం కాబట్టి, ఆ ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే బొగ్గు బయటికి వచ్చేది కాదని కాదు. వచ్చేది. ఎన్ని గంటలు, ఏ పనిముట్టుతో, ఏ వయసు దాకా అన్న లెక్కలు మాత్రం వేరేగా ఉండేవి.

మొన్న మేనకోడలి పెళ్లిలో బాపు పంక్తిలో కూర్చున్నాడు. పక్కన తమ్ముడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తమ్ముడికి నౌకరి సంగతి ఇంకా మనసులోనే ఉంది, ఉండనీ. బాపు ఆకు మీదకు వంగి మెల్లగా అన్నం కలుపుతుంటే వాడు తినడం ఆపి, ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు.